పెంటల రోడ్డు గురించి మా మేనకోడలికి

బిడ్డా,

సోమవారం ప్రజావాణిల అడవి లోపలి చెంచు గూడేలకు, అదే మన పెంటలకు, రోడ్డు కోసం అర్జీ పెట్టినవట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సర్పంచ్ కుర్చీ ఇంకా వేడెక్కనేలేదు అప్పుడే ఫారెస్టోళ్లతోని పెట్టుకుంటదా అని ఆమె రంది. నాకైతే మస్తు సంబరమైంది, మా ఇంటి పిల్ల కలెక్టర్ ముందట నిలబడి మాట్లాడిందని హోటల్ల అందరికీ చెప్పిన. రాత్రి మాత్రం నిద్ర పట్టలే. పంచాయతీరాజ్‌ల వర్క్ ఇన్‌స్పెక్టర్‌గ చేసినోన్ని, అడవి రోడ్ల ఫైళ్లు ఎట్ల పుడ్తయో ఎట్ల చస్తయో చూసినోన్ని, అందుకే రాస్తున్న.

అర్జీ రసీదు జాగ్రత్త, మన్ననూర్ ఐటీడీఏల, అదే గిరిజనుల అభివృద్ధి ఆఫీసుల, ప్రాజెక్ట్ ఆఫీసర్‌ని కలువు, ఎమ్మెల్యే లెటర్ తీస్కో. ఇవి నీకు తెలిసినయే.

పైసల ముచ్చటకొస్తే, 2023 నవంబర్‌ల మొదలైన సెంటర్ స్కీము పీఎం జన్‌మన్‌ల చెంచులసొంటి ఆదిమ తెగల ఆవాసాలకు రోడ్లున్నయి, సెంటర్ 60 పైసలిస్తే స్టేట్ 40 పెట్టాలె. గానీ వంద మంది జనాభా ఉండాలె, మన పెంటలేమో చిన్నయి. లిస్టుల పేరున్నదా, ఉంటే జనాభా ఎంత వేసిన్రు, అది ముందు చూడు. లేకుంటే ఐటీడీఏ ఫండ్సే దిక్కు.

అసలు తిప్పలు పైసలు కాదు బిడ్డా, పర్మిషన్. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందుల 2,166 కోర్ ఏరియా, అంటే పులుల కోసం గట్టిగ కాపాడే లోపలి అడవి, నువ్వు అడుగుతున్న పెంటలు ఆ కోర్ల ఉన్నయి. 2006 అటవీ హక్కుల చట్టంల 3(2) అని ఉంటది, గ్రామసభ తీర్మానం చేస్తే బడి, అంగన్‌వాడీ, రోడ్డుసొంటి 13 రకాల పనులకు ఫారెస్టోళ్ల ఆఫీసర్ డీఎఫ్ఓ లెవెల్లనే భూమి ఇయ్యొచ్చు. షరతు ఏందంటే ఒక్కో పనికి హెక్టారు కంటె తక్కువ భూమి, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టొద్దు. ఐదు మీటర్ల వెడల్పు అనుకో, రెండు కిలోమీటర్లు కూడ నిండదు. ముక్కలు ముక్కలు చేసి పెడదాం మేడమ్ అని ఎవడన్న తెలివి చెప్తడు, వినకు, ఆ లెక్క డీఎఫ్ఓ ఆఫీసుల అటెండర్‌కు కూడ తెల్సు. పైన వైల్డ్‌లైఫ్ బోర్డు సంగతి వేరే, అది ఢిల్లీ దాక పోతది.

ఇగ అసలు ముచ్చట. ఉమ్మడి రాష్ట్రంల, ఈ చట్టం రాకముందు, ఇసొంటి పెంటకే ఒక రోడ్డు మంజూరైంది. అప్పటి సర్పంచ్ మంచోడే, దుడుకు ఎక్కువ. మార్చి లోపల బిల్లు కావాలె అని తీర్మానం మండలంల ఛాయ్ హోటల్ల రాయించిండు, పెంటోళ్లు సంతకు వచ్చినప్పుడు పట్టుకొని తెల్లకాయితం మీద వేలిముద్రలు వేయించిండు. ఇంజనీరు మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీసిండు. తొవ్వ వెంబడి నడిచినోడు ఒక్కడు లేడు. పాత బండ్లబాటేమో కుంట చుట్టు తిరిగి పోతది, బండల మీద బండి చక్రాల గాడి ఇంత లోతు పడి ఉంటది, ఎన్ని తరాల నుంచి నడుస్తున్నదో దాన్ని చూస్తెనే తెలుస్తది. గీత మాత్రం కుంట అవతల ఇప్పచెట్ల నడుమకెళ్లి పోయింది. జేసీబీ వచ్చి పొద్దుగూకే లోపల ఇప్పచెట్లు పడగొట్టింది. ఆ చెట్లు ఊకెనే ఉన్నయి కాదు, ఏ చెట్టు కింది పువ్వు ఏ ఇంటోళ్లు ఏరుకోవాలె అని పెంటల లెక్క ఉంటది. ఒక ముసలాయన పడ్డ చెట్టు మొదట్ల కూసొని లేస్తలేడు, డ్రైవర్ హారన్ కొడ్తనే ఉన్నడు. తెల్లారి ఫారెస్టోళ్లు జేసీబీ సీజ్ చేసిన్రు, కేసైంది, మార్చి 31 దాటింది, పైసలు వాపస్. పోతే పోయినయి, మళ్ల వస్తయి అనుకున్నరు. రాలే. ఆ తర్వాత ఏ ఆఫీసర్ వచ్చినా ఫైల్ తెరుస్తనే పైన ఆ కేసు కాయితమే కనవడేది, మళ్ల మూసేటోడు. వేలిముద్ర వేసినోళ్లే మా చెట్లు కొట్టించిన్రని పెంటల కూడ ఇంటింటికి పగ.

అందుకే నువ్వు తీర్మానం పెంటలనే పెట్టు. సగం మంది కన్న తక్కువ ఉంటే కోరం కాదు, ఇప్పపువ్వు సీజన్ల పెట్టకు, ఎవ్వరూ దొరకరు. రేంజ్ ఆఫీసర్‌ని, ఇంజనీరు ఏఈని, పెంట పెద్దమనుషులను కలిపి పాత బాట మీద నడిపించు, చెట్లు వాళ్ల ముందటనే లెక్కపెట్టించు, రాసింది చదివి వినిపించు. ఖాళీ కాయితం మీద దస్కత్ చేసినవంటే మాత్రం నాకు మేనకోడలే లేదనుకుంట.

ఇంకో భయం చెప్తా. మీటింగుల ఎవరన్న లేచి, రోడ్డెందుకు, అడవి విడిచి బయటికి రాండ్రి కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ ఉన్నది అంటరు. పోతమనేటోళ్లు ఉంటే వాళ్ల ఇష్టం, కాదనడానికి మనమెవరం, గానీ ఆ మాట రోడ్డు తీర్మానంల ఎక్కనియ్యకు. దానికి వేరే సభ, వేరే కాయితం. ఇంక ముసలమ్మలు, యురేనియం మిషన్లు రావడానికే రోడ్డేస్తున్నరా బిడ్డా అని అడుగుతరు, 2019ల యురేనియం తవ్వకాల లొల్లి చూసినోళ్లు, నవ్వకు, కూసొని చెప్పు.

నన్నడిగితే తారు రోడ్డు అడగొద్దు. శ్రీశైలం హైవేనే రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక జంతువుల కోసం బంద్ పెడ్తున్నరు, లోపల తారు వేస్తె బండ్లు ఉరుకుతయి, ఫారెస్టోళ్లు మొదటి రోజే కొర్రి పెడ్తరు. వాగు మీద కల్వర్టు, గుంతలు పడ్డకాడ మొరం, ఇంతే అడుగు, చాలు. వానకాలం 108 ఆగేది వాగు కాడనే గదా, అక్కడి నుంచి గర్భిణిని మంచం మీద మోసుకొచ్చుడే. మొరం ప్రతి యేడు కొట్టుకపోతదని నువ్వంటవు, నిజమే, అయినా నా మాట అదే.

మొన్న పొద్దుగూకినంక ఆ బాటల స్కూటీ మీద ఒక్కదానివే వచ్చినవట. ఏమన్న అకల్ ఉన్నదా నీకు? ఎలుగుబంటి హారన్ కొడ్తే పక్కకు జరుగుతదనుకున్నవా? చిన్నప్పుడు కరెంటు పోతే నా లుంగీ పట్టుకొని తిరిగినదానివి, ఇప్పుడు ఇంత ధైర్యం ఎక్కడిది తల్లీ. నాలుగింటికే బయలెల్లు, ఎవరినన్న తోడు పెట్టుకో.

నడిచే తారీఖు ఖాయం కాంగనే ఫోన్ చెయ్యి, నేను కూడ వస్త, ఆ బండ్లబాట యాడ మలుపు తిరుగుతదో నాకింకా యాదికున్నది. మోకాళ్ల సంగతి మీ అత్తకు చెప్పకు, అచ్చంపేటల పెండ్లి ఉన్నదని చెప్పి వస్త.

మీ మామ