తెర కట్టే ముందు తాడు కట్టు

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు పెరట్లో కొబ్బరి దింపు జరుగుతోంది. కాయల లెక్క తప్పితే మీ అత్తయ్యతో మాట పడాలి కదా, అందుకే సగంలో పెట్టేశాను. ఆగస్టు 15 నుంచి 30 వరకు బెల్జియం, నెదర్లాండ్స్‌లలో జరిగే 2026 పురుషుల హాకీ ప్రపంచకప్‌ను బడిలో తెర కట్టి పిల్లలకు చూపిస్తానన్నావు. చూపించు. కానీ నేరుగా తెర ముందు కూర్చోబెట్టావంటే పావుగంటలో సగం మంది లేచిపోతారు. ఆ భాగ్యం నాకు దక్కింది కాబట్టే చెబుతున్నాను.

2023లో ఈ ప్రపంచకప్ పోటీలు ఒడిశాలో జరిగాయి. రూర్కెలాలో భారత్, ఇంగ్లండ్ ఆట సరిగ్గా సంక్రాంతి రోజు, జనవరి 15న పడింది. కోడిపందేల బరుల వైపు పోకుండా కుర్రాళ్లను ఆపానన్న గర్వంతో అరుగు మీద టీవీ పెట్టించి ఇరవై మందిని పోగేశాను. రెండో క్వార్టర్ అయ్యేసరికి అరుగు మీద మిగిలింది నేనూ, అరిసెల పళ్లెమూ. ఆట 0-0తో ముగిసింది. 'ఒక్క గోలూ పడని ఆట ఏం ఆట మాస్టారూ' అని మర్నాడు కూడా ఎగతాళి చేశారు. నిజానికి మంచి పోరు అది. ఏం చూడాలో వాళ్లకు తెలియదు. చెప్పాల్సినవాణ్ణి నేను అరిసెలు పంచుతూ కూర్చున్నాను.

కాబట్టి ముందు మైదానంలోకి తీసుకెళ్లు. అన్నీ నేర్పబోకు, పెనాల్టీ కార్నర్ ఒక్కటి చాలు, అంటే గోలు దగ్గర కాపు జట్టు తప్పు చేస్తే అవతలి జట్టుకు దక్కే అవకాశం. 3.66 మీటర్ల వెడల్పున రెండు కర్రలు పాతు, అదే గోలు. ఒక్కో కర్రకు 14.63 మీటర్ల తాడు కట్టి, కొస పట్టుకుని తిరుగుతూ ముగ్గు పోయించు. రెండు పావు వలయాలు వస్తాయి. వాటిని మధ్యలో గీతతో కలిపితే డీ. దాడి చేసేవాడి హాకీ కర్ర బంతిని ఈ గీత లోపల తాకితేనే గోలు. బయటి నుంచి ఎంత బలంగా కొట్టి లోపల పడేసినా చెల్లదు.

ఇప్పుడు కాపు కాసే జట్టులో కీపర్‌తో కలిపి ఐదుగురిని గోలు గీత వెనక నిలబెట్టు. మిగతా ఆరుగురిని మైదానం మధ్య గీత అవతలికి తోలెయ్. అవతలి జట్టులో ఒకడు గోలు స్తంభానికి పది మీటర్ల దూరంలో, గోలు గీత మీద నుంచి బంతిని నెడతాడు. అది డీ దాటాలి, ఒకడు ఆపాలి, ఇంకొకడు కొట్టాలి. బంతి కదలగానే ఇటు నుంచి పరుగు మొదలవుతుంది. అందరికన్నా ముందు దూకేవాణ్ణి చూడమను. ముఖానికి మాస్కు తగిలించుకుని, దెబ్బ వచ్చే దారికే ఎదురు పోతాడు. పొడిచే ఎద్దు వస్తే ఎవరైనా పక్కకు జరుగుతారు. వీడు జరగడు. ఆ పని పిల్లల చేత చేయించు, మెత్తటి రబ్బరు బంతితోనే సుమా. తెర మీద ఆటగాడు దూకినప్పుడు వీళ్ల కడుపులో కదలాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. కర్ర ఊపి కొడితే మొదటి దెబ్బ గోలులోని అడుగు చెక్క ఎత్తు, అంటే 46 సెంటీమీటర్లు, దాటి లోపలికి పోకూడదు. బంతిని కర్రతో ఈడ్చుకొచ్చి విసిరితే మాత్రం ఎంత ఎత్తయినా పోవచ్చు. ఇలా ఈడ్చి విసరడమే డ్రాగ్ ఫ్లిక్, దానికి అంత విలువ ఆ సందు వల్లే. మన డ్రాగ్ ఫ్లిక్ ఆటగాడు హర్మన్‌ప్రీత్ సింగ్ ఆడేటప్పుడు చేతులు కాదు, కాళ్లు చూడమను. బంతి వెనక కాలి దగ్గర కర్రకు అంటుకుని ముందు కాలి దాకా వస్తుంది.

ఆట సమమైతే గెలుపు తేల్చే షూటౌట్‌కు నీ చేతి గడియారం చాలు. 23 మీటర్ల గీత దగ్గర బయలుదేరినవాడు ఎనిమిది సెకన్లలో కీపర్‌ను దాటి గోలు కొట్టాలి. 2023 జనవరి 22న భువనేశ్వర్‌లో నేను ఆ ఎనిమిదేసి సెకన్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. న్యూజిలాండ్ మీద మన 3-1 ఆధిక్యం 3-3 అయింది, షూటౌట్‌లో 5-4తో పోయింది. తిరుగు రైల్లో రాజమండ్రి దాకా మా బోగీలో ఎవరూ హాకీ మాటెత్తలేదు.

ఇక మన పెద్దల జబ్బు నీకు అంటకూడదు. 'మన జాతీయ క్రీడ' అని మొదలుపెట్టకు, ప్రభుత్వం ఏ ఆటనూ అలా ప్రకటించలేదు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి కప్పు తెచ్చిన రోజు నేను టీకొట్టు రేడియో కింద నిలబడ్డాను. హిందీ ముక్క రాదు, అరుపులే అర్థమయ్యాయి. మనకున్న ప్రపంచకప్ అదొక్కటే. మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌ను కృత్రిమ పచ్చిక మీద ఆడించారు, మనం ఏడో స్థానంలో తేలాం. వరి కొయ్యకాళ్ల మధ్య ఆడినవాణ్ణి, నేల మారితే ఆట మారుతుందని నాకూ తెలుసు. అయినా యాభై ఏళ్లు అదే సాకు చెప్పుకుంటే ఎలా? టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లలో వరసగా కాంస్యాలు తెచ్చిన జట్టు గురించి చెప్పు.

అక్కడ సాయంత్రం ఆరైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర. గోదావరికి వరద వచ్చే రోజులు, లంకల పిల్లల్ని చీకటి పడ్డాక రేవు దాటించకు. వాళ్లకోసం మర్నాడు బడిలో మళ్లీ వేసి చూపించు. కరెంటును నమ్ముకోకు, ఇన్వర్టరు చూసుకో.

కొలిచిన తాడు నా దగ్గరే ఉంది, పదహారు గజాల దగ్గర ఎర్ర గుడ్డ కట్టాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు మీ అమ్మకు చెప్పు, కొబ్బరికాయలకు గోనె సంచి పంపమని.

మీ మావయ్య