ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత నా అకౌంట్ మాత్రమే లాగిన్ అవ్వట్లేదు, రీఇన్‌స్టాల్ చేసేయాలా?

రీఇన్‌స్టాల్ మాట కాసేపు పక్కన పెట్టండి. పాస్‌వర్డ్ కొడితే ఒక్క సెకను నల్ల స్క్రీన్ వచ్చి మళ్లీ లాగిన్ పేజీకే వస్తోంది, అదే మెషీన్‌లో మీ తమ్ముడి అకౌంట్ మాత్రం శుభ్రంగా ఓపెన్ అవుతోంది అన్నారు కదా, సగం జవాబు అందులోనే ఉంది. కెర్నలూ, గ్రాఫిక్స్ డ్రైవరూ, డెస్క్‌టాపూ అన్నీ బాగానే ఉన్నట్టు. తేడా అంతా మీ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే హిడెన్ ఫైళ్లలో ఎక్కడో ఉంది. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని మొహం మీదే చెప్పేది, ఇలా లోపలికి రానిచ్చి బయటికి తోసేది కాదు.

లాగిన్ స్క్రీన్ దగ్గరే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. ఉత్త అక్షరాల స్క్రీన్ వస్తుంది, అక్కడ పేరూ పాస్‌వర్డూ కొట్టండి (పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, కంగారు పడొద్దు). లోపలికి వెళ్లారంటే అకౌంట్ నిక్షేపంగా ఉన్నట్టే. తమ్ముడిది నడుస్తోంది కాబట్టి డిస్క్ నిండిపోయిందన్న అనుమానం తక్కువే, అయినా డీఎఫ్ మైనస్ హెచ్ (డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే కమాండ్) కొట్టి చూడండి, పోయేదేముంది.

తర్వాత ఎల్ఎస్ మైనస్ ఎల్ఏ (హిడెన్ ఫైళ్లతో సహా లిస్ట్ చూపే కమాండ్) కొట్టి ఓనర్ పేరుండే మూడో కాలమ్ చూడండి, అన్నిచోట్లా మీ పేరే ఉండాలి. డాట్ ఎక్స్ అథారిటీ, డాట్ ఐస్ అథారిటీ అని రెండు ఫైళ్లుంటాయి, వాటి పక్కన రూట్ (సిస్టమ్ అడ్మిన్ అకౌంట్) అని కనపడితే దొంగ దొరికినట్టే. ఎప్పుడో సుడో (అడ్మిన్ హక్కులిచ్చే కమాండ్) పెట్టి గ్రాఫికల్ ప్రోగ్రామ్ నడిపితే అలా అవుతుంది, సుడోతో సీహెచ్‌ఓన్ కొట్టి ఓనర్‌ని మీ పేరుకి మారిస్తే సరి. దీనికి చాలామంది హోమ్ మొత్తానికి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు అని) ఇచ్చేయమని సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, తర్వాత ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్లలోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) మీ ప్రైవేట్ కీని అందరూ చదవగలరని చెప్పి వాడనే వాడదు, అప్పుడు ఇంకో తలనొప్పి మొదలు.

ఓనర్లు అంతా సరిగానే ఉంటే నేను ముందు చూసేది డాట్ ప్రొఫైల్, అంటే లాగిన్ అయ్యేటప్పుడు సిస్టమ్ చదివే సెట్టింగుల ఫైల్. మా ఆఫీసులో ఒకాయన సిస్టమ్‌కి అచ్చం మీలాగే అయింది, అప్‌గ్రేడ్ చేశాడు, రీస్టార్ట్ అయింది, ఇక లోపలికి పోదు, అందరూ అప్‌గ్రేడ్‌నే తిట్టారు. నేను ఎఫ్3 స్క్రీన్‌లో ఆయన చేత లాగిన్ చేయిస్తే ప్రాంప్ట్‌కి సరిగ్గా పైన ఒకే ఒక్క లైన్ వచ్చింది, ఫలానా ఎన్వ్ ఫైల్, అలాంటి ఫైల్ గానీ ఫోల్డర్ గానీ లేదు అని. ఆయన ఎప్పుడో ఒక ప్రోగ్రామింగ్ టూల్ ఇన్‌స్టాల్ చేసుంటే అది డాట్ ప్రొఫైల్ చివర ఒక లైన్ చేర్చింది, చుక్క, స్పేస్, ఫైల్ పేరు, అంటే ఆ ఫైల్‌ని చదువు అని. తర్వాత ఆ టూల్ ఫోల్డర్ పోయింది, లైన్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

మరి ఎఫ్3లో లాగిన్ అవుతూ గ్రాఫికల్‌గా ఎందుకు అవ్వదు అంటారా, అదే తమాషా. ఎఫ్3లో మీ ఫైల్‌ని చదివేది బాష్ (కమాండ్లు నడిపే షెల్ ప్రోగ్రామ్), ఫైల్ లేకపోతే గొణిగి ముందుకెళ్లిపోతుంది. ఎక్స్11 (స్క్రీన్ మీద విండోలు చూపించే పాత వ్యవస్థ) సెషన్ మొదలుపెట్టే స్క్రిప్ట్‌ని నడిపేది ఎస్‌హెచ్, ఉబుంటులో 2006 నుంచీ ఎస్‌హెచ్ అంటే డాష్ అనే ఇంకో షెల్. డాష్‌కి అలా చదవమన్న ఫైల్ దొరక్కపోతే అక్కడికక్కడే ఆగిపోతుంది, దాంతో మొత్తం సెషనే పోతుంది. అందుకే ఒక్కోసారి లాగిన్ స్క్రీన్‌లో గేర్ గుర్తు నొక్కి వేలాండ్ (ఎక్స్11కి బదులు వచ్చిన కొత్తది) ఎంచుకుంటే మామూలుగా లోపలికి వెళ్లిపోతారు, ముందు అదీ ఒకసారి ట్రై చేయండి. ఇంతకీ ఇందులో అప్‌గ్రేడ్ తప్పేమీ లేదు, ఆయన ల్యాప్‌టాప్ మూత మూయడమే తప్ప లాగౌట్ అవ్వడు, చాలా రోజుల తర్వాత మొదటి రీస్టార్ట్ అప్‌గ్రేడే చేయించింది, అంతే. నానో అనే ఎడిటర్‌లో ఆ లైన్ ముందు హ్యాష్ (ఈ లైన్‌ని పట్టించుకోవద్దని గుర్తు) పెట్టి సేవ్ చేశాం, వెంటనే డెస్క్‌టాప్ వచ్చింది.

అదీ కాకపోతే ఎక్స్‌టెన్షన్లు, అంటే డెస్క్‌టాప్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. మీరు ఉబుంటు 22.04 నుంచి 24.04కి వచ్చానన్నారు, అంటే గ్నోమ్ (ఉబుంటు డెస్క్‌టాప్) 42 నుంచి 46కి. మధ్యలో 2023 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 45లో ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది, పాతవి తిరగరాస్తే తప్ప నడవవు. మామూలుగా వెర్షన్ సరిపోనివాటిని గ్నోమే లోడ్ చేయదు, కానీ ఆ వెర్షన్ చెక్‌ని ఆఫ్ చేసుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. డాట్ లోకల్, షేర్, గ్నోమ్ షెల్ లోపల ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ ఉంటుంది, ఎంవీ కమాండ్‌తో దాని పేరు మార్చి మళ్లీ లాగిన్ అవ్వండి.

అప్పటికీ రాకపోతే డాట్ కాన్ఫిగ్ పేరు మార్చండి. డిలీట్ మాత్రం చెయ్యొద్దు, క్రోమ్ ప్రొఫైల్ కూడా అందులోనే ఉంటుంది, బుక్‌మార్కులన్నీ పోతాయి. డెస్క్‌టాప్ వచ్చిందంటే పాత ఫోల్డర్‌లోంచి కావలసినవి కొన్ని కొన్నిగా వెనక్కి తెచ్చుకుని, ప్రతిసారీ లాగౌట్ అయి చూసుకోండి, బోరు పనే కానీ అసలు ఫైల్ అలాగే దొరుకుతుంది. డాట్ క్యాష్ అయితే నిర్భయంగా తీసేయొచ్చు.

ఇంకోటి, ఎఫ్3లో కూడా లోపలికి పోకపోతే పైన చెప్పిందంతా వదిలేయండి. తమ్ముడి అకౌంట్ నుంచి ఈటీసీ లోపల పాస్‌డబ్ల్యూడీ ఫైల్ తెరిచి మీ పేరున్న లైన్ చివర చూడండి. అక్కడ జెడ్‌ఎస్‌హెచ్ (బాష్ లాంటి ఇంకో షెల్, జెడ్‌షెల్) అని ఉండి, అప్‌గ్రేడ్‌లో ఆ ప్యాకేజీ ఎగిరిపోయుంటే లాగిన్ అవ్వడానికి షెల్లే లేదన్నమాట. తమ్ముడి అకౌంట్‌కి సుడో ఉంటే జెడ్‌షెల్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు, లేకపోతే బూట్ మెనూలో రికవరీ మోడ్‌లోంచి చేయాలి.

ఇవన్నీ అయ్యాక కూడా అలాగే ఉంటే ఒకసారి ఫెయిలయ్యి, వెంటనే ఎఫ్3కి వెళ్లి జర్నల్‌సీటీఎల్ మైనస్ బి (సిస్టమ్ లాగ్ చూపే కమాండ్) కొట్టి చివరి ముప్ఫై నలభై లైన్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.