ఒక్కో స్టూడెంట్‌కీ ఒక్కో సబ్‌డొమైన్

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ వెబ్‌సైట్ షేర్డ్ హోస్టింగ్ మీద ఉంది. 60 మంది పిల్లలకు తలా ఒక సబ్‌డొమైన్ (కాలేజీ సైట్ పేరుకు ముందు పిల్లవాడి పేరు, చుక్క) ఇద్దామని డీఎన్‌ఎస్‌లో (సైట్ పేరును సర్వర్ అడ్రస్‌తో కలిపే పట్టికలో) * గుర్తుతో ఒక రికార్డు పెట్టాను. ఇప్పుడు ఏ పేరు కొట్టినా హోస్టింగ్ వాళ్ల ఖాళీ పేజీయే వస్తోంది, పైగా బ్రౌజర్ ‘నాట్ సెక్యూర్’ అంటోంది. తప్పెక్కడ?
– ఒక లెక్చరర్, ఖమ్మం

జవాబు: తప్పు కాదు సార్, సగంలో ఆగారు. డీఎన్‌ఎస్ చేసేది సర్వర్ దాకా దారి చూపించడమే. షేర్డ్ సర్వర్‌లో ఒకే ఐపీ (సర్వర్ అడ్రస్) మీద బోలెడు సైట్లు కాపురం ఉంటాయి కదా, వచ్చిన రిక్వెస్ట్ ఎవరిదో బ్రౌజర్ పంపిన హోస్ట్ పేరు (అడ్రస్ బార్‌లో కొట్టిన సైట్ పేరు) చూసి అపాచీ (సర్వర్‌లో పేజీలు అందించే సాఫ్ట్‌వేర్) తేల్చుకోవాలి. మీ పిల్లల పేర్లు దానికెవరూ చెప్పలేదు, అందుకే డిఫాల్ట్ పేజీ పడేసింది.

సొంత సర్వర్ అయితే అపాచీలో వీహోస్ట్ అలియాస్ అనే మాడ్యూల్ ఆన్ చేసి, ఫోల్డర్ దారిలో పేరు రావాల్సిన చోట %1 అని రాస్తే అయిపోయేది. మీకు ఆ కాన్ఫిగ్ ఫైల్ చేతికి రాదు. కాబట్టి సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్లిచ్చే కంట్రోల్ ప్యానెల్) సబ్‌డొమైన్ పేరు అడిగే చోట ఉత్త * పెట్టి, దానికి ఒక కొత్త ఫోల్డర్ చూపించండి (ఒప్పుకోకపోతే సపోర్ట్ వాళ్లను అడగాల్సిందే). అందులో పిల్లల పేర్లతో ఫోల్డర్లు, వాటి పక్కనే ఒక హెచ్‌టీయాక్సెస్ ఫైల్ (.htaccess, ఆ ఫోల్డర్‌కి అపాచీ పాటించాల్సిన సూచనలుండేది) పెట్టి, మొదటి చుక్కకు ముందున్న పేరు తీసుకుని అదే పేరున్న ఫోల్డర్‌కి మళ్లించేలా రీరైట్ రూల్ (అడిగిన దారిని లోపల ఇంకో దారికి మార్చే సూచన) రాయండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: మళ్లించాక అపాచీ అదే రూల్‌ని మళ్లీ మొదట్నుంచి చదువుతుంది, ఫోల్డర్‌లో ఫోల్డర్ వెతుక్కుంటూ తిరిగి తిరిగి చివరికి 500 ఎర్రర్ (సర్వర్ లోపలి తప్పు) ఇస్తుంది. ‘దారి ఇప్పటికే ఆ ఫోల్డర్‌తో మొదలైతే వదిలెయ్’ అనే షరతు ముందు ఉండాలి. ఫోల్డర్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి, బ్రౌజర్ హోస్ట్ పేరును చిన్నక్షరాల్లోకి మార్చి పంపుతుంది, లైనక్స్‌కేమో పెద్ద ఆర్, చిన్న ఆర్ వేర్వేరు.

‘నాట్ సెక్యూర్’ సంగతికొస్తే, మీ సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి రుజువు చేసేది) మెయిన్ డొమైన్ వరకే ఉండి ఉంటుంది. సబ్‌డొమైన్లన్నిటికీ కలిపి పనిచేసే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కావాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2018 నుంచి ఉచితంగానే ఇస్తోంది, కాకపోతే డొమైన్ మీదేనని డీఎన్‌ఎస్‌లో వాళ్లిచ్చిన కోడ్‌తో టీఎక్స్‌టీ (టెక్స్ట్) రికార్డు పెట్టి నిరూపించుకోవాలి, గడువు లోపల రెన్యూవల్ కూడా చేయించుకోవాలి. నేమ్‌సర్వర్లు (మీ డీఎన్‌ఎస్ రికార్డులుండే సర్వర్లు) హోస్టింగ్ వాళ్లవే అయితే ఈ తతంగం వాళ్ల ప్యానెలే చూసుకునే అవకాశం ఉంది, ముందు అది కనుక్కోండి. ఈ సర్టిఫికెట్ మెయిన్ డొమైన్ ముందు ఒక్క పేరుకే పనిచేస్తుంది, పిల్లవాడి పేరు ముందు మళ్లీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తగిలిస్తే పాత టెన్షనే.

మీరు అడగలేదు గానీ, పిల్లలకు పీహెచ్‌పీ (సర్వర్ మీద నడిచే ప్రోగ్రాములు రాసే భాష) మాత్రం ఇవ్వకండి. 60 సైట్లూ మీ ఒక్క అకౌంట్ కిందే నడుస్తాయి, ఒకడు ఎక్కడో దొరికిన ప్లగిన్ ఎక్కించినా కాలేజీ మెయిన్ సైట్ ఫైళ్లు కూడా వాడి స్క్రిప్ట్‌కి అందుతాయి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ చాలు, ఫైళ్లు కూడా మీరే అప్‌లోడ్ చేయండి.