పెట్టుబడి చూసి ఎవరూ బిడ్ వేయరు మాస్టారూ

ప్రశ్న: కందుకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. జీతం 32 వేలు, ఏడాదికి పది నెలలే ఇస్తారు. ఇంటి ఖర్చు నెలకు 26 వేలు. ట్యూషన్లు చెప్పి దాచిన 1.80 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. మా బావమరిదితో కలిసి ఎనిమిది ఎకరాలు, ఒక బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కౌలుకు తీసుకుని పొగాకు వేద్దామనుకుంటున్నాం. నా వాటా 7.80 లక్షలు. ఉన్న డబ్బుకు తోడు మా ఆవిడ నగల మీద 3 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి మరో 3 లక్షలు తెస్తాను. కూలి ఖర్చులు ఏటా పెరుగుతున్నాయి కాబట్టి పొగాకు ధర అంతకన్నా కిందికి దిగదని నా లెక్క. వెయ్యమంటారా?

జవాబు: వద్దు. ఆ ఒక్క మాట రాసి ఊరుకునేవాణ్ణే. మీ ఆఖరి లెక్క చూశాక చేయి ఆగలేదు. ‘ఇంత ఖర్చయింది, అంతకు తగ్గదు’ అని పొగాకు రైతులు, రొయ్యల గుంటలు లీజుకు తీసుకున్నవాళ్లు, హైవే పక్కన ప్లాట్లు కొన్నవాళ్లు నాతో చెబుతూనే ఉంటారు. ఎకనామిక్స్ చెప్పే మాస్టారు అనడం మాత్రం ఇదే మొదలు.

వస్తువు విలువ దానిలో పడ్డ శ్రమను బట్టి ఉంటుందన్న పాఠం ఆర్థికవేత్త రికార్డో నుంచి మార్క్స్ దాకా మీరు చెప్పేదే. అయితే అది ఏళ్ల మీద ధర ఎటు మొగ్గుతుందో చెప్పే మాట, ఈ మార్చిలో మీ బేలు, అంటే పొగాకు కట్ట, ఎంత పలుకుతుందో చెప్పేది కాదు. ఖర్చును బట్టి నిలిచే సహజ ధర వేరు, ఆ రోజు పలికే మార్కెట్ ధర వేరు అని ఆడమ్ స్మిత్ 1776లోనే విడదీశాడు. 1871లో ఇంగ్లిష్ ఆర్థికవేత్త జెవన్స్‌కు ఆ మొహమాటం కూడా లేదు. ఒకసారి పెట్టేసిన శ్రమ ఆ వస్తువుకు ఇకముందు వచ్చే విలువను ఏమీ చేయలేదు, అది పోయినట్టే అన్నాడు.

ఒంగోలు దగ్గర ఒక వేలం కేంద్రంలో ఇది కళ్లారా చూశాను. మా పెదనాన్న బేళ్లు వరసలో ఉన్నాయి. కొనేవాళ్లు బేలు దగ్గర ఆగడం, నాలుగు ఆకులు లాగి వెలుతురుకు పెట్టి రంగు చూడడం, వేళ్ల మధ్య నలపడం, ముందుకు పోవడం. ఒక్కో బేలుకు నిమిషం కూడా పట్టలేదు. ఆకు కొట్టినవాళ్లకు కూలి ఎంతిచ్చావు, బ్యారన్‌లో ఎంత కట్టె కాల్చావు అని అడిగినవాడు ఒక్కడూ లేడు. మూడు బేళ్లకు నోబిడ్, అంటే ఎవరూ పాడలేదు. మళ్లీ ట్రాక్టర్‌కెత్తించి ఇంటికి తెచ్చుకున్నాం. దారిలో పెదనాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక కౌలు సంగతి. ధాన్యం ధర ఎక్కువ కావడానికి కౌలు కారణం కాదు, ధర ఎక్కువగా ఉంది కాబట్టే కౌలు పెరుగుతుందని రికార్డో 1817లో రాశాడు. ఇంగ్లండ్‌లో ధాన్యం దిగుమతుల మీద గొడవ నడుస్తున్న రోజులవి. పొగాకు బ్యారన్‌కు అది అచ్చంగా సరిపోతుంది. పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరు పడితే వాళ్లు బ్యారన్ కట్టి పండించడానికి లేదు. అందుకని ధర బాగున్న మర్నాడే దాని కౌలు పెరుగుతుంది. అంటే మంచి ధర తాలూకు లాభం, మీరు నారు పొయ్యకముందే ఆసామి చేతిలో పడిపోయింది. రేపు ధర పడితే ఆయన తిరిగిస్తాడా?

కౌలు రైతు ఇవ్వాల్సింది ఖాయం, అతనికి వచ్చేది ఖాయం కాదు. ఇది 1755లో అచ్చయిన ఆర్థికవేత్త కాంటిలాన్ పుస్తకంలో ఉన్న ముక్క. మీ కాగితం మీద ఖాయంగా ఇవ్వాల్సినవాళ్లను లెక్కపెట్టండి: పొలం ఆసామి, బ్యారన్ ఆసామి, కూలీలు, నగలు పెట్టుకున్న బ్యాంకు, వడ్డీకి ఇచ్చినాయన. ఆరోవాళ్లు మీరు. మిగిలితేనే మీ వంతు.

ఆ రెండు రూపాయల వడ్డీ గురించి నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాదు. ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలనెలా 6 వేలు. పది నెలల జీతం 3.20 లక్షలు, పన్నెండు నెలల ఖర్చు 3.12 లక్షలు, ఏడాది మొత్తం మీద మీకు మిగిలేది 8 వేలు. రెండు నెలల వడ్డీకి కూడా చాలదు. వేలం డబ్బు చేతికొచ్చేదాకా దేంతో కడతారు? ‘తెలిసినవాళ్లే’ అని రాశారు. తెలిసినవాళ్లయితే ఇంటికొచ్చి కూర్చోవడం ఇంకా తేలిక.

నీళ్లు, వజ్రం చిక్కుముడి క్లాసులో చెప్పే ఉంటారు. ప్రాణం నిలిపే నీళ్లకు ధర లేదు, పనికిరాని వజ్రానికి అంత ధరా అని స్మిత్ అడిగాడు. మన దగ్గర ఎంత ఉంది, చివరి బిందె ఏ అవసరం తీరుస్తోంది, విలువ దాన్ని బట్టి ఉంటుందని తేల్చడానికి జెవన్స్, ఆస్ట్రియా ఆర్థికవేత్త మెంగర్ వచ్చేదాకా దాదాపు వందేళ్లు పట్టింది. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టి, తాగడానికి క్యాన్లు కొనుక్కునే కనిగిరి వైపు వాళ్లకు దీన్ని ఎవరూ చెప్పక్కర్లేదు. మీ 1.80 లక్షలు ఆ క్యాన్ నీళ్లు. అమ్మకు ఒంట్లో బాగోలేని రోజున, జూన్‌లో కాలేజీవాళ్లు మిమ్మల్ని మళ్లీ పిలవని రోజున అందులో ప్రతి వెయ్యీ పొగాకు లాభంలో వెయ్యి కన్నా ఎన్నో రెట్లు బరువు తూగుతుంది.

ఫ్రాన్స్ రాజుగారి వైద్యుడు కెనే 1758లో గీసిన ఆర్థిక పట్టికలో కూడా ముందు పక్కన పెట్టేది వచ్చే ఏటి పెట్టుబడినే. దాన్ని తింటే మరుసటి ఏడు పంటే కుంగుతుంది. మన ఇళ్లలో విత్తనపు వడ్లు ముట్టుకోనట్టే.

మీకు ఆరు నెలల ఖర్చు 1.56 లక్షలు, జీతం రాని రెండు నెలలకు 52 వేలు, మొత్తం 2.08 లక్షలు ఉండాలి. ఇంకా 28 వేలు తక్కువే ఉన్నాయి. ఈ ఏడాది ట్యూషన్ డబ్బులు ముందు అక్కడికి పోవాలి. ఎప్పుడంటే అప్పుడు తీసుకునే డిపాజిట్‌లో ఉంచండి, వడ్డీ తక్కువని గొణగొద్దు. టర్మ్ పాలసీ (మీ ప్రాణానికి బీమా), ఇంటిల్లిపాదికి ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. మ్యూచువల్ ఫండ్ల మాట ఆ తర్వాత.

బావమరిది ఎలాగూ వేస్తానంటే వేయనివ్వండి. మీరు సెలవు రోజుల్లో వెళ్లి లెక్కలు రాసిపెట్టండి, అప్పు కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. ఇంకొకటి, నగలు మీ ఆవిడవని రాశారు. ఆవిణ్ణి అడిగారో లేదో రాయలేదు.