నాగావళి ఇసకకీ ఐపీ అడ్రసులు!

ప్రశ్న: సార్, మా రౌటర్ సెట్టింగ్స్ తెరిస్తే అడ్రసు 192.168.1.1 అని వస్తాది, విజయనగరంలో మా బావగారింట్లో కూడా అచ్చం అదే నంబరు. ఇదేటి, రెండిళ్ళకి ఒకే నంబరు ఎలా ఇచ్చేసారు? పైగా మావోడు, కొత్త రకం అడ్రసులు నాగావళిలో ఇసక రేణువుకొకటి ఇచ్చినా మిగుల్తాయంటన్నాడు. కోతలేనా?
- ఓ పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కోతలు కాదండీ, మీవాడు చాలా తగ్గించి చెప్పాడు.

ముందు మీ బావగారి సంగతి. ఐపీ అడ్రసంటే నెట్‌లో ఫోన్లకీ కంప్యూటర్లకీ ఇచ్చే నంబరు. అందులో 192.168తో మొదలయ్యే 65,536 నంబర్లు ఇళ్ళల్లో, ఆఫీసుల్లో లోపల వాడుకోడానికే వదిలేసారు, అవి గుమ్మం దాటవు, కాబట్టి ఎన్నిళ్ళలో ఉన్నా గొడవ లేదు. బయటికెళ్ళేటప్పుడు రౌటర్ తన బయటి అడ్రసు తగిలించి పంపి, వచ్చిన జవాబు ఎవరిదో చూసి ఆ ఫోన్‌కి అందిస్తుంది. వెనకటికి వీధి వీధంతా ఉత్తరాలు కేరాఫ్ కిరాణా కొట్టు అని రప్పించుకునేవారు చూడండి, అలాగన్నమాట.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే 1981లో ఖరారైన పాత రకం, అంటే ఐపీవీ4లో ఉన్నదే మొత్తం 429 కోట్ల అడ్రసులు, ఇప్పుడు జనమే 800 కోట్లు దాటారు, 2011 ఫిబ్రవరి 3న ప్రపంచం మొత్తానికి పంచే స్టాకు ఖాళీ అయిపోయింది. పోనీ ఉన్నవైనా పొదుపుగా వాడారా అంటే, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే, 127తో మొదలయ్యే 1,67,77,216 అడ్రసులు కంప్యూటర్ తనతో తను మాట్లాడుకోడానికని పక్కన పెట్టేసారండీ! అందులో అందరూ వాడేది దాదాపు 127.0.0.1 ఒక్కటే. 2011 జనాభా లెక్కల్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు కలిపితే 50 లక్షల మంది, తలా మూడు పంచినా ఇంకా మిగిలేవి. మీవాడు చెప్పిన కొత్త రకం, అంటే ఐపీవీ6లో అదే పనికి ఒక్క అడ్రసుతో సరిపెట్టారు, ::1 అని.

ఇక ఇసక. ఐపీవీ6 అడ్రసుల మొత్తం 39 అంకెల సంఖ్య, మన లెక్కలో 3,400 కోట్ల కోట్ల కోట్ల కోట్ల కోట్లు, చదవడానికే ఊపిరాడదు. నాగావళి ఏపాటి, భూగోళం మొత్తం మిల్లీమీటరు ఇసక రేణువులే అనుకుని లెక్కేసినా ఒక్కో రేణువుకి 30 కోట్ల పైచిలుకు వస్తాయి! అన్ని అడ్రసులు పెట్టుకుని పాపం ఆ రేణువు ఏం చేసుకుంటుందో మీవాణ్ణే అడగండి.

మీ ఫోన్‌కి కూడా ఇవి వచ్చేసుండొచ్చు, ఆండ్రాయిడ్ ఫోనైతే వైఫై ఆపేసి, మొబైల్ డేటా పెట్టి, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లో ఐపీ అడ్రసు చూడండి, మధ్యమధ్యలో కోలన్లతో పొడుగ్గా కనిపిస్తే అదే.