ఎర్ర లైటు మినుకుమంటే చిక్కటి ఆయిల్ పోయకు

చి॥ సౌ॥ రమ్యను మామయ్య ఆశీర్వదించి రాయునది.

షెడ్డులో ఉన్న తాతగారి పెట్రోల్ అంబాసిడర్‌ని బాగుచేయించి, మే నెలలో హైదరాబాదు నుంచి విజయవాడకి నువ్వే నడుపుకుంటూ వస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఆ కారు మళ్లీ రోడ్డెక్కుతోందంటే, అదీ నీ చేతుల మీదుగా అంటే, నాకెంత గర్వంగా ఉందో రాయలేను. కానీ మే నెలలో, మిట్టమధ్యాహ్నం సూర్యాపేట, కోదాడ దాటడమంటే మాటలు కాదు తల్లీ. ఎవరో ఆయిల్ కూలర్ (ఆయిల్‌ని చల్లబరిచే చిన్న రేడియేటర్) పెట్టించమన్నారట, బాగా చిక్కటి ఆయిల్ పోయమన్నారట. ఆ రెండు మాటలూ విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

రేడియేటర్ కడిగించడం, ఫ్యాన్ బెల్టు, హోస్ పైపులు మార్చడం నీకు తెలిసినవే. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళ, కూడా సరిచూపించు. టైమింగ్ వెనక్కి ఉంటే ఇంజన్ ఊరికే వేడెక్కుతుంది, ఆ వేడి ఆయిల్‌కీ ఎక్కుతుంది.

ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్ వాడు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. మన ఎండలకి దాంతో పెద్ద పని లేదు. వెనకున్నదే మనకి ముఖ్యం. వంద డిగ్రీల దగ్గర 50 గ్రేడు చిక్కదనం 16.3 సెంటీస్టోక్స్‌కి (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గదు, 30 గ్రేడు 12.5 దాటదు. ఈ 1489 సి.సి. ఇంజన్‌లో క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) మోసే మెయిన్ బేరింగులు మూడే, ఆయిల్ పారే వాటి సందులు కొత్త కార్లకంటే వదులు. కొత్త కార్ల 5డబ్ల్యూ-30 ఇందులో నిలవదు. పైగా పల్చటి గ్రేడుల్లో ఇప్పుడు భాస్వరానికి పరిమితి ఉంది. వాల్వుల్ని తెరిచే క్యామ్‌నీ ట్యాపెట్లనీ కాపాడే, భాస్వరం కలిసిన జింకు మందు దాంతోపాటే తగ్గుతుంది. 20డబ్ల్యూ-50కి ఆ పరిమితి లేదు. పూర్వం బంకుల్లో డ్రమ్ములోంచి కొలత క్యానుతో పోసిన 30 నంబరు, 40 నంబరు ఆయిళ్లు ఇప్పుడు వెతకనక్కర్లేదు.

దాదాపు నాలుగు లీటర్లు పడుతుంది, చివరి మాట మాత్రం డిప్‌స్టిక్‌దే. పై గీత దాటి పోయకు. క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగుని కాపాడలేదు. ఫిల్టరు డబ్బా రకమైతే గాడిలో పాత రబ్బరు రింగు అతుక్కుని ఉంటుంది. దాన్ని సూదితో పూర్తిగా తీయించు. దానిమీదే కొత్తది వేస్తే దారిలో ఆయిలంతా కారిపోతుంది. ఏళ్లతరబడి కదలని ఇంజన్ కాబట్టి మొదటి ఆయిల్‌ని ఐదొందల కిలోమీటర్లకే, ఇంజన్ వేడిగా ఉండగా దింపేయ్.

ఇక నా అసలు భయం. వేడెక్కిన కారు సిగ్నల్ దగ్గర ఆగుతుంది, ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా) ఆయిల్ ప్రెషర్ తగ్గిందని చెప్పే ఎర్ర లైటు మినుకుమంటుంది. మెకానిక్ 60 నంబరు ఆయిలో, డబ్బాలో అమ్మే చిక్కటి మందో పోస్తాడు. లైటు ఆరిపోతుంది, ఓనరు సంతోషిస్తాడు. ఎన్నో మంచి ఇంజన్లు అలాగే పోయాయి. లైటైనా గేజైనా చూపించేది ప్రెషర్‌ని, ప్రవాహాన్ని కాదు. నీళ్ల గొట్టం మూతి వేలితో నొక్కితే జోరు పెరిగినట్టే ఉంటుంది, బిందె మాత్రం ఆలస్యంగా నిండుతుంది. బేరింగుని చల్లబరిచేది దాని గుండా పారే ఆయిలే. అది మరీ చిక్కగా ఉంటే తక్కువ పారుతుంది, రాపిడికి తానే వేడెక్కుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఎక్కువైన ప్రెషర్‌ని వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని చాలా ఆయిల్ వెనక్కి సంపులోకే (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకే) పోతుంది, పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల షాఫ్టు ఎండి కిర్రుమంటుంది. చివరికి హైవే మీద బిగ్ ఎండ్ బేరింగు (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోటిది) కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి క్రాంక్ గీరుకుపోయి ఉంటుంది.

అందుకని మొదట ఇంజన్ మీదున్న ఆ ఎర్ర లైటు స్విచ్ తీయించి, ఆ చోట ప్రెషర్‌ని అంకెల్లో చూపే మెకానికల్ గేజి బిగించు. ఇరవై ముప్ఫై కిలోమీటర్లు నడిపి బాగా వేడెక్కాక చూడు. టాప్ గేరులో 70 వేగం మీద 40 నుంచి 50 పి.ఎస్.ఐ., ఐడిల్‌లో 15 దాకా ఉంటే నిశ్చింత. తగ్గితే డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోల్ వాసన వస్తూ మట్టం పెరిగిందంటే మెకానికల్ పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగి, పెట్రోల్ సంపులోకి దిగుతోంది. అది కాకపోతే రిలీఫ్ వాల్వు స్ప్రింగు, దాని సీటు, సంపులో జల్లెడ చూడాలి. అన్నీ బాగున్నా ప్రెషర్ లేదంటే బేరింగు షెల్స్ అరిగాయన్నమాట. అప్పుడు ఖర్చుకి వెనకాడకు, డబ్బు చాలకపోతే నన్నడుగు, మొహమాటపడకు.

కూలర్ తొందరపడి పెట్టించకు. సంపులో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండటమే మంచిది. ఎప్పుడూ 80 దాటకపోతే నీటి తడి, పెట్రోల్ ఆవిరి కావు, మూత కింద తెల్లటి జిడ్డు పేరుకుంటుంది. 130 దాటితే మినరల్ ఆయిల్ త్వరగా పాడవుతుంది. ముందు సంపు మీద గట్టిపడిన మట్టి, గ్రీజు గీకించు. రాళ్లు తగలకుండా కింద ఇనప రేకు వేసుంటే గాలి ఆడేలా రంధ్రాలు పెట్టించు. ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడు. కొంత వేడి వీటితోనే తగ్గుతుంది.

అప్పటికీ 120 దాటుతుంటేనే కూలర్. పది వరసలది చాలు, 80 దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న అడాప్టర్‌తో పెట్టించు. హోస్ ఆయిల్‌కి పనికొచ్చే రకమే, లోపలి బోరు అర అంగుళం. ఫ్యానుకీ, చాసిస్ అంచులకీ రాసుకోకూడదు. కూలర్ పెట్టాక మొదటిసారి స్పార్క్ ప్లగ్గులు తీసి, గేజి లేచేదాకా సెల్ఫ్ తిప్పాకే స్టార్ట్ చెయ్యి. వేరే కారు మీద తీసిన పాత కూలర్ చవగ్గా వస్తుందని కొనొద్దు. ఆ ఇంజన్ బేరింగు పోయి ఉంటే దాని లోహపు పొడి గొట్టాల్లో ఉండిపోతుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు.

దారిలో నడుస్తుండగా గేజి ముల్లు పడిపోతే, లేదా లైటు స్విచ్ తిరిగి పెట్టించుకుని ఉంటే ఎర్ర లైటు నిలకడగా వెలిగితే, ఆ క్షణమే పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్. తర్వాతి ఊరిదాకా వెళ్దామనుకోవద్దు, ఎండలో నిలబడాల్సి వచ్చినా సరే. గొడుగు, నీళ్లు, ఒక లీటరు అదే ఆయిల్ డిక్కీలో పెట్టుకో.

గేజి పెట్టించాక వేడి మీద ఐడిల్‌లో ఎంతుందో, 70 మీద ఎంతుందో రెండంకెలూ నాకు పంపు. అవి చూసి ఏ రోజు బయల్దేరాలో చెబుతాను. తెల్లవారుజామున బయల్దేరేలా చూసుకో.

ఇట్లు,
మీ మామయ్య