బైట్లు రాస్తే అంకెల వరద

ప్రశ్న: రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో చిన్న లైబ్రరీ రాస్తున్నానండీ. స్ట్రక్ట్‌లో (కొన్ని ఫీల్డులు కలిపిన టైపు) 32 బైట్ల హ్యాష్ (డేటాకి వేలిముద్ర లాంటి విలువ), ఒక ఇమేజ్ డేటా ఉన్నాయి. డేటాని ఫైల్ ఫార్మాట్లలోకి మార్చే సెర్డే లైబ్రరీతో జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లోకి పంపితే పేజీల కొద్దీ అంకెలు వస్తున్నాయి. పోనీ అని బైనరీ ఫార్మాట్‌కి మారితే, తేడా వచ్చినప్పుడు ఫైల్ తెరిచినా ఒక్క ముక్క అర్థం కావడం లేదు. రెండూ కుదిరే దారి ఉందా?

జవాబు: ఉందండీ, ఏదో ఒకటే ఎంచుకోవాల్సిన పని లేదు. సెర్డేకి బైట్ల వెక్టర్ అయినా మరో వెక్టర్ అయినా ఒకటే, ఒక్కో బైటునీ ఒక్కో సంఖ్యగా రాసుకుంటూ పోతుంది. పీఎన్‌జీ ఫైల్ మొదటి 8 బైట్లు చూడండి: [137,80,78,71,13,10,26,10]. బ్రాకెట్లు, కామాలతో కలిపి 26 అక్షరాలు. అవే హెక్స్‌లో (0-9, a-f లతో బైట్లు రాసే పద్ధతి) 16, బేస్64లో (64 రకాల అక్షరాలతో రాసే పద్ధతి) 12.

బైనరీలో కూడా ఈ బాధ ఉంది. మెసేజ్‌ప్యాక్ అనే బైనరీ ఫార్మాట్‌లో ఇలా సంఖ్యల వరసగా రాస్తే 127 దాటిన ప్రతి బైటుకీ 2 బైట్లు పడతాయి, అందుకే బైట్లన్నీ ఒకే ముద్దగా రాయించే సీరియలైజ్_బైట్స్ పిలవాలి. అయితే దానివల్ల జేసన్ బాగుపడదు: జేసన్‌కి బైట్ల టైపే లేదు కాబట్టి సెర్డే_జేసన్ మళ్లీ అంకెలే రాస్తుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

మీకు కావాల్సింది, ఫార్మాట్ మనుషులు చదవగలిగేదో కాదో చెప్పే, సీరియలైజర్‌లోనే ఉన్న ఈజ్_హ్యూమన్_రీడబుల్. అది ట్రూ అంటే స్ట్రింగ్ రాయండి, ఫాల్స్ అంటే బైట్లు యథాతథంగా ఇచ్చేయండి, చదివేటప్పుడూ అదే అడగండి. స్ట్రింగ్ ఎలా ఉండాలన్నది ఫీల్డ్‌ని బట్టి చూసుకోండి. హ్యాష్‌కి నేనైతే హెక్సే వాడతాను. బేస్64లో 44 అక్షరాలతో పోయేది 64 అవుతుంది, నిజమే, కానీ ఒక్కో బైటుకి కచ్చితంగా రెండక్షరాలు కాబట్టి రెండు హ్యాష్‌లు ఒకదాని కింద ఒకటి పెడితే ఎక్కడ తేడా ఉందో కళ్లకే కనబడుతుంది, బేస్64లో మాత్రం మూడేసి బైట్లు నాలుగేసి అక్షరాల్లో కలిసిపోతాయి. ఇమేజ్‌ని ఎవరూ కళ్లతో చదవరు, దానికి బేస్64 చాలు.

ఒక్క జాగ్రత్త. మీరు ఇప్పటికే అంకెలతో రాసిన జేసన్ ఫైళ్లు ఉంటే విజిటర్‌లో (చదివిన విలువని మీ టైపులోకి మార్చే భాగం) అంకెల వరసని అందుకునే విజిట్_సీక్ కూడా రాయండి. నేను ఒకసారి అది వదిలేసి, పాత ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోక, తప్పు ఎక్కడుందో తెలియక సగం రోజు టెన్షన్ పడ్డాను. ఖాళీ డేటాతోనూ, 0, 255 ఉన్న డేటాతోనూ రెండు ఫార్మాట్లలోనూ రాసి, తిరిగి చదివే టెస్టులు ఇవాళే పెట్టేయండి.